పై వాటాలో బూడిద రంగు

చెప్పుల షాపు పక్క సందులోంచి పదిహేడు మెట్లెక్కితే స్కాన్ సెంటరు వస్తుంది. ఎక్కగానే కౌంటరు. కౌంటర్లో తోటికోడలు. ఆవిడ వెనకాల సీసం పలక కొట్టిన తలుపు, ఆ తలుపు లోపల మిషను, మిషను దగ్గర బావగారు. ఆ తలుపు పక్కనే, కౌంటరుకి ఎదురుగా నల్ల కర్టెను, దాని వెనకాల కిటికీ కూడా లేని చిన్న గది, గదిలో రెండు కంప్యూటర్ తెరలు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో డాక్టరమ్మ. తోటికోడలన్నా బావగారన్నా ఈ డాక్టరమ్మకే. అంటే సెంటరు మొత్తం ఒక్క ఇంటివాళ్ళే నడుపుకుంటున్నారన్నమాట. ఇక డాక్టరమ్మ మొగుడంటారా, ఆయన ఎక్కడో వంతెనల దగ్గర సిమెంటు దిమ్మలు పగలగొట్టి గట్టిదనం చూసే ఉద్యోగంలో ఉన్నాడు. ఈ కథలో ఆయనకి వేషం లేదు.

డాక్టరమ్మ పని పళ్ళ స్కాన్లు చదవడం. పన్ను ఊడినచోట ఎముకలో మరలాంటిది బిగించి దాని మీద కొత్త పన్ను కూర్చోబెడతారు చూడండి, ఇంప్లాంటు అంటారు. అది వేసే ముందు అక్కడ ఎముక ఎంత ఎత్తుంది, ఎంత వెడల్పుంది అని కొలుచుకోవాలి. అందుకని చుట్టుపక్కల పళ్ళ డాక్టర్లంతా తమ పేషెంట్లని ఈ పదిహేడు మెట్లూ ఎక్కిస్తారు. మనిషి గడ్డం ఆన్చి నిలబడితే మిషను తల చుట్టూ ఒక్క చుట్టు తిరుగుతుంది. పద్దెనిమిది సెకన్లు. మనిషి మెట్లు దిగి తన దారిన తను పోతాడు. తలకాయ మాత్రం కంప్యూటర్లో ఉండిపోతుంది, సన్నగా తరిగి పేర్చినట్టు, ఐదు వందల పలకలుగా.

పదకొండేళ్ళుగా డాక్టరమ్మ ఆ తలకాయలతోనే కాపురం చేస్తోంది. మొహాలు తెలీవు, దవడలు తెలుసు. బస్సులో ఎవరైనా నోరు తెరిచి ఆవలిస్తే "ఈ జ్ఞానదంతం ఎక్కడో చూశానే" అనుకుంటుంది తప్ప, వాళ్ళెవరో మాత్రం ఛస్తే తట్టదు. ఆవిడకి అదే హాయి. మనుషులతో పెట్టుకుంటే వాళ్ళు మాట్లాడతారు. ఎముకలు మాట్లాడవు.

ఆవిడకి ఒక పద్ధతుంది. అడిగిన పన్ను ఆఖర్న చూస్తుంది. చీటీ మీద పళ్ళ డాక్టరు "పై వరుస, ఎడమ, ఆరో పన్ను, కొలతలు" అని రాశాడనుకోండి, ఇంకొకళ్ళయితే తిన్నగా అక్కడికే వెళ్ళి కొలిచి పడేస్తారు. ఈవిడ బొమ్మ మూలల్నించి మొదలెడుతుంది. మెడ ఎముకలు, దవడ కీళ్ళు, ముక్కు లోపలి గోడలు, సైనసు గదులు, ఆ తరవాత మిగతా పళ్ళు, అన్నీ అయ్యాక అడిగిన చోటు. ఒక మూల చూస్తుంది, కనిపించింది రాస్తుంది, ఆ మూలకి తలుపేసేసి పక్కదానికి వెళ్తుంది. వేసిన తలుపు మళ్ళీ తియ్యదు. "గది మధ్యలోంచి ఊడవడం మొదలెట్టేదాన్ని పనిలో పెట్టుకోకూడదు" అని వాళ్ళమ్మ అంటూ ఉండేదట. ఆ మాట ఈవిడ స్కాన్లకి తగిలించుకుంది. బావగారు ఈ చాదస్తం చూసి "మూలల డాక్టరు" అని పేరు పెట్టారు. మొహాన అనలేదు పాపం, పెళ్ళాంతో అన్నారు. ఆ పెళ్ళాం నోట్లో నువ్వుగింజ నానదు కనక, పొద్దున పెట్టిన పేరు మధ్యాహ్నం భోజనాలవేళకి డాక్టరమ్మకి అందింది.

సరే, సైనసు గది అన్నాం కదా. బుగ్గ ఎముక లోపల, కంటికి కింద, పై పళ్ళకి పైన, కుడిపక్కొకటీ ఎడంపక్కొకటీ ఉండే ఖాళీ గది అది. లోపల గాలి తప్ప ఏమీ ఉండకూడదు. డాక్టరమ్మ లెక్కలో పళ్ళది కింద వాటా, సైనసుది పై వాటా. రెంటికీ మధ్య ఎముక శ్లాబు. కొందరికి బొటనవేలంత మందం, కొందరికి గుడ్డు పెంకంత. ఇంప్లాంటు వేసేవాడికి కావలసిందల్లా ఆ శ్లాబు మందమే. పై వాటాలో ఎవరున్నారో, ఏం చేసుకుంటున్నారో అతనికి పట్టదు. కానీ ఎవరూ అడక్కపోయినా బొమ్మలో అదీ పడుతుంది. గాలి నల్లగా, ఎముక తెల్లగా, మిగతాదేదైనా బూడిద రంగులో.

నలభై తలకాయలు తీస్తే పదిహేనింటికి పై వాటాలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకరికి గోడలకున్న లోపొర కాస్త ఉబ్బి ఉంటుంది. ఇంకొకరికి నేల మీద బోర్లించిన గిన్నెలా చిన్న తిత్తి ఉంటుంది, అది చాలామందికి చచ్చేదాకా తెలియనే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మరొకరికి గది మధ్యలో అడ్డుగోడ. ఎప్పుడో నూటికో కోటికో ఒకరికి ఎముకనే కొరికేసే గడ్డ. ఏది పట్టించుకోవాలి, ఏది వదిలెయ్యాలి, ఇదీ విద్య. గోరంతది కొండంత చేసి రాస్తే పేషెంటు ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కూలబడతాడు. కొండంతది గోరంత చేస్తే ఇంటికెళ్ళి కూలబడతాడు.

రోజుకి నలభై తలకాయలకి నలభై రకాలుగా రాయడం ఎవరి తరం? అందుకని కంప్యూటర్లో ఇరవై రెండు వాక్యాలు సిద్ధంగా పెట్టుకుంది. నెంబరు నొక్కితే వాక్యం పడుతుంది. అందులో ఏడోది ఇదీ: "సైనస్ లోపొర కొద్దిగా మందంగా ఉంది. చాలామందిలో కనిపించేదే. ప్రస్తుతానికి చెప్పుకోదగ్గ విషయం కాదు." నొక్కీ నొక్కీ కీబోర్డు మీద ఏడు అంకె అరిగిపోయింది. కొత్తవాళ్ళు ఎవరైనా చూస్తే ఆరు తరవాత ఎనిమిదే అనుకుంటారు.

ఆ రోజు పొద్దున్న పదింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వచ్చినాయన పొట్టిగా, గుండ్రంగా, చేతి మీద పాత కాలిన మచ్చలతో ఉన్నాడు. వస్తూనే కౌంటరు దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"అమ్మా, ఇక్కడేదో కుళ్ళింది. చూసుకోండి."

తోటికోడలు కూడా ఎగబీల్చింది. "ఏమీ లేదే! ఇప్పుడే ఫినాయిల్ వేసి తుడిపించాను."

"ఫినాయిల్ కింద ఉంది."

"ఫినాయిల్ కింద నేలుంది బాబూ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "తెలుసులెండి. మీది కాదు. ఎక్కడికెళ్ళినా ఉంటుంది. బస్సులో ఉంది, మా వీధిలో ఉంది, నా దిండులో ఉంది. మా ఆవిడ పక్కన కూర్చుని నేను వాసన చూస్తుంటే, 'ఇంకా నయం, నేను కుళ్ళాననలేదు' అంటోంది."

తోటికోడలికి కావలసింది ఇదే. మనిషి నోరు విప్పితే చాలు, ఆవిడ కుర్చీ ముందుకి జరుపుతుంది. చీటీ రాస్తూ రాస్తూ మొత్తం లాగేసింది. నల్ల కర్టెను బట్టే కదా, గోడ కాదు. ఇవతల డాక్టరమ్మకి ప్రతి ముక్కా వినిపిస్తూనే ఉంది.

ఆయన బేకరీ మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే బేకరీలో ఓవెన్ దగ్గర ఉన్నాడు. రొట్టె కాలిందో లేదో ఓవెన్ తలుపు తియ్యకుండానే పసిగడతాడు. అటు పక్క గదిలో మాట్లాడుతూ ఉండి, "మూడో ట్రే తీసెయ్" అని కేకేస్తాడు. అలాంటిది ఆరు నెలల నుంచీ ముక్కుకి ఏదో అయింది. వెన్న డబ్బా మూత తీస్తే కుళ్ళు కంపు. మొదటిసారి డబ్బా పారబోశాడు. రెండోసారి సరుకు వేసేవాడితో పోట్లాడాడు. మూడోసారికి పనివాళ్ళంతా వరసగా వచ్చి డబ్బాలో ముక్కులు పెట్టి చూశారు. ఒక్కడంటే ఒక్కడికి వాసన రాలేదు.

"మరి ముక్కు డాక్టరుకి చూపించుకోలేదా?" అంది తోటికోడలు.

"ఎందుకూ, మీ కాయితం ఉందిగా!" జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు తీశాడు. "ఏడు నెలల కిందట, ఎడం పక్క పై పన్ను ఊడితే కొత్తది పెట్టించుకుందామని, ఇక్కడే తీయించుకున్నా. సెలవు దొరక్క ఆపరేషను వాయిదా పడి, ఇప్పుడు మళ్ళీ కొత్తగా తీయించుకు రమ్మన్నారనుకోండి. ముక్కు పక్క గదులు కూడా ఇందులోనే పడతాయని పళ్ళ డాక్టరుగారు చెప్పారు కదా అని, మా ఓనరుకి తీసుకెళ్ళి చూపించా. బాబూ, నాకేదో ఉంది, ఇందులో చూడండీ అని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదివి ఇదిగో, ఇక్కడ ఎర్ర గీత గీశాడు."

"చెప్పుకోదగ్గ విషయం కాదు," పైకి చదివింది తోటికోడలు.

"ఆఁ. 'చూశావుగా, స్కానే చెప్పింది. నీ ముక్కులో ఏమీ లేదు, ఉన్నదంతా నీ పొగరులో ఉంది' అన్నాడు. ముసలాడివవుతున్నావు, పని తప్పించుకోడానికి వంకలు అన్నాడు. మూడు వారాల్నించి నన్ను అట్టపెట్టెలు కట్టడానికి కూర్చోబెట్టాడు. ఒకటో తారీకున కొత్త మాస్టారొస్తున్నాడు. వాడు ఓవెన్ దగ్గర నిలబడ్డాడంటే ఇక నేను జన్మంతా పెట్టెలే."

"ఒకటో తారీకంటే ఇంకా..."

"పదకొండు రోజులు." గొంతు తగ్గించి అడిగాడు. "ఈ వాక్యం ఎవరు రాశారమ్మా?"

తోటికోడలు ఓరకంట కర్టెను వైపు చూసింది. "అదా... అది మిషనే రాస్తుంది బాబూ."

అబద్ధమనీ అనలేం, నిజమనీ అనలేం.

కర్టెనుకి ఇవతల డాక్టరమ్మ వేలు సరిగ్గా ఆ అరిగిపోయిన మీట మీదే ఉంది, ఇంకెవరిదో తలకాయకి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఠక్కున చెయ్యి తీసేసింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు. చేతిలో ఉన్న తలకాయ పక్కన పెట్టి, ఏడు నెలల కిందటి బేకరీ మాస్టారి దవడ బయటికి తీసింది.

రిపోర్టు రెండు పేజీలు. మొదటి పేజీ సైనసుల పేరాలో ఎడమ వైపుకి ఏడో నెంబరు వాక్యం. రెండో పేజీ పళ్ళ పేరాలో ఇంకో వాక్యం: "ఎడమ పై ఏడో పన్ను, గతంలో రూట్ కెనాల్ చేసి తొడుగు వేసినది, వేరు కొసన చిన్న నల్ల మచ్చ ఉంది. గమనించగలరు." రెండూ నిజమే. లోపొర అప్పుడు నిజంగానే కొద్దిగా మందం. మచ్చ అప్పుడు నిజంగానే చిన్నది. ముందు పై వాటా చూసి, రాసి, తలుపేసింది. తరవాత కింద వాటాకి దిగింది. పై వాటాలో పొగ సరిగ్గా ఈ పంటి పొయ్యి మీదే తిరుగుతోందని అప్పుడు తెలిసినా, పైకెళ్ళి వేసిన తలుపు మళ్ళీ తియ్యలేదు. తియ్యకపోవడమే కదా పద్ధతి! బొమ్మలో ఆ మచ్చకీ ఆ ఉబ్బుకీ దూరం రెండు మిల్లీమీటర్లు. రిపోర్టులో ఒక పేజీ.

ఈలోగా లోపల్నించి "గడ్డం ఆన్చండి, నాలిక పైకి, కదలకండి" అని బావగారి గొంతు వినిపించింది. పద్దెనిమిది సెకన్లు. కొత్త బొమ్మ తెర మీదికొచ్చింది.

జీవితంలో మొదటిసారి డాక్టరమ్మ మూలల్నించి మొదలెట్టలేదు. తిన్నగా ఎడమ పై వాటాకి వెళ్ళింది. కుడి గది నల్లగా, శుభ్రంగా, అద్దెకివ్వడానికి సిద్ధంగా ఉంది. ఎడమ గది నేల నుంచి ఇంచుమించు పైకప్పు దాకా బూడిద రంగు. అక్కడక్కడ చిన్న చిన్న గాలి బుడగలు. లోపలి నీరు ముక్కులోకి జారడానికి పైన ఒక చిన్న కిటికీ ఉంటుంది, అది మూసుకుపోయింది. కిందికి దిగి చూస్తే ఏడో పంటి వేరు కొసన మచ్చ శనగగింజంత అయింది. దాని నెత్తిన శ్లాబు లేదు. చిల్లు. గోడలు చూసింది, కంటి కింద పలక చూసింది, రెండుసార్లు చూసింది. అవన్నీ గట్టిగానే ఉన్నాయి. ఎముకని కొరికే గడ్డ కాదు. పంటి చీము పైకెక్కి గది నింపేసింది, అంతే. అందుకే ఒక్క పక్కే. ముక్కు లోపల ఊరే చీము కంపు ఆ ముక్కు గలవాడికే అందుతుంది. పక్కనున్నవాడు డబ్బాలో తల దూర్చినా అందదు.

బావగారు చేతులు తుడుచుకుంటూ కర్టెను పక్కకి లాగారు. "ఏమిటమ్మాయ్, ఆయన్ని పంపించెయ్యద్దని మీ అక్కకి కేకేసి చెప్పావుట?"

సంగతి చెప్పింది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన మిషను మనిషి. డాక్టరు కాకపోయినా పదకొండేళ్ళుగా బూడిద రంగు చూస్తున్నవాడే. ఓ నిమిషం గడ్డం గోక్కున్నారు.

"పోనీ, పాత రిపోర్టులో రెండూ రాశావు కదా. ఎవరికి చూపించినా తప్పనరు."

"అనరు బావగారూ. తప్పు లేదు కనకే ఎవరికీ కనిపించలేదు."

"మరింకేం? ఏడు నెలల్లో కొత్తగా వచ్చిందని రాసెయ్. అది అబద్ధమా?"

"సగం."

"సగం నిజమేగా!"

"ఆ సగం పట్టుకునే కదా ఆయన పెట్టెలు కడుతున్నాడు."

బావగారికి కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. "నువ్వు ఒక్కదానివి కాదమ్మా, బోర్డు మీద సెంటరు పేరుంది. మా తప్పేనని కాయితం మీద రాసిచ్చామనుకో, రేపు పన్ను ఊడిన ప్రతివాడూ పాత రిపోర్టు పట్టుకుని మెట్లెక్కుతాడు."

"ఎక్కనివ్వండి. చదివి పెడతాను."

ఆయన కర్టెను వదిలేశారు. అది కాస్త ఎక్కువే ఊగింది.

తరవాత పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసింది. కుర్రవాడు, హుషారు మనిషి, ఎప్పుడూ ఏదో నములుతూ మాట్లాడతాడు.

"చెప్పండి మేడమ్! గురువారం పెట్టుకున్నా ఆపరేషన్. ఎముకెంత ఉంది?"

"నాలుగు మిల్లీమీటర్లు."

"ఓస్, సైనస్ నేల కొంచెం పైకి లేపి, ఎముక పొడి పోసి..."

"ఎక్కడ పోస్తారు? పై వాటా నిండా చీముంది."

నమలడం ఆగింది. ఆవిడ మొత్తం చెప్పింది. ఏడో పన్ను సంగతి వచ్చేసరికి అతను కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "ఆ మచ్చ పాత రిపోర్టులో చూశాను మేడమ్."

"చూసి?"

"గమనించగలరు అని రాశారుగా. గమనించాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు డాక్టరమ్మకి. నవ్వేసింది. తప్పు అతనొక్కడిదీ కాదు మరి. ఒకళ్ళు గమనించమన్నారు, ఇంకొకళ్ళు గమనించారు, మూడో మనిషి పెట్టెలు కడుతున్నాడు.

"గురువారం ఇంప్లాంటు ఆపండి," అంది. "ముక్కు డాక్టరుకి పంపించండి, ఆయన చూసి ఖాయం చెయ్యాలి. ఆ ఏడో పన్ను సంగతి మీరు తేల్చండి. అది అలాగే ఉంచి పైన ఎంత కడిగినా మళ్ళీ నిండుతుంది."

"అంటే ఒక పన్ను పెట్టించుకోడానికొచ్చినాయనకి ఇంకో పన్ను పీకమంటారు."

"పీకుతారో, వేరు మళ్ళీ శుభ్రం చేస్తారో మీ ఇష్టం. శ్లాబుకి చిల్లు పడ్డ సంగతి మర్చిపోకండి."

ఫోన్ పెట్టేశాక ఆవిడ కర్టెను దాటి బయటికొచ్చింది. పదకొండేళ్ళలో భోజనానికీ ఇంటికీ తప్ప దాటింది లేదు. తోటికోడలు కళ్ళు పెద్దవి చేసి చూస్తూ ఉండిపోయింది. బేకరీ మాస్టారు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. మీకొచ్చే వాసన నిజమే," అంది.

ఆయన కూర్చోలేదు. "నిజమేనా?"

"నిజమే. వెన్నలోది కాదు. మీ ఎడమ పై దవడలో చివర తొడుగు వేసిన పన్నుంది చూడండి, దాని వేరు దగ్గర పుట్టి, పైనున్న గదిలో చేరింది. అందుకే మీతోపాటే బస్సెక్కుతోంది, మీతోపాటే దిండు మీద పడుకుంటోంది."

ఆయన ఎడమ బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నాడు. తరవాత అన్న మాట ఇదీ: "అయితే వెన్న బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉండుంటుంది."

"అయ్యో, సరుకు వేసేవాణ్ణి ఎన్ని మాటలన్నానూ!" మళ్ళీ ఆలోచించి, రిపోర్టులో ఎర్ర గీత చూపించాడు. "మరిది?"

"అది నేనే రాశాను."

"ఈవిడ మిషను రాసిందన్నారే."

"మీట నొక్కింది నేను." దాచడానికేమీ లేదన్నట్టు మామూలుగానే చెప్పింది. "పన్ను ఒకచోట రాశాను, గది ఒకచోట రాశాను. రెండూ ఒకటేనని రాయలేదు. రాసుంటే అప్పుడే తేలిపోయేది."

తిడతాడనుకుంది తోటికోడలు. తిడితే ఎలా సర్దాలో మనసులో కూడబలుక్కుంటోంది కూడా. ఆయన మాత్రం బుర్రూపాడు. "మా దగ్గరా అంతేలెండి. మాడితే ఓవెన్ మాడ్చిందంటాం. బాగా కాలితే మేం కాల్చామంటాం." ఆ వెంటనే గొంతు మారింది. "అది సరే డాక్టరమ్మగారూ. ఇదంతా మా ఓనరుకెవరు చెబుతారు? నేను చెబితే ఇదింకో వంక అంటాడు. ఆయన కాయితం మీదున్నదే నమ్ముతాడు. నన్ను పెట్టెల దగ్గర కూర్చోబెట్టింది కాయితమే కదా!"

రిపోర్టులు డాక్టర్ల భాషలో ఉంటాయి. ఓనరు మొత్తంలో అర్థమైన ఒక్క ముక్క పట్టుకునే గీత గీశాడు. డాక్టరమ్మ లోపలికెళ్ళింది. ముందు రిపోర్టు రాసింది. అన్నిటికంటే పైన, మొదటి పేజీ మొదటి లైన్లో, పన్నునీ గదినీ ఒకే వాక్యంలో కట్టి రాసింది. తరవాత మామూలు కాగితం తీసుకుని పెన్నుతో ఇంకోటి రాయబోయింది. ఇక్కడొచ్చింది చిక్కు. ఇరవై రెండు వాక్యాల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. రెండు కాగితాలు చింపేసింది. మూడోది ఇలా వచ్చింది:

"బేకరీ యజమానిగారికి. ఈయనకి చెడు వాసన వస్తోందన్న మాట నిజమేనని స్కాను చూస్తే తెలుస్తోంది. అది మీ వెన్నలోది కాదు. ఈయన పంటి వేరు నుంచి చీము పైనున్న సైనసు గదిలోకి ఎక్కింది. అది ఈయనకి తప్ప పక్కవాళ్ళకి తెలియదు. ఏడు నెలల కిందటి నా రిపోర్టులో దీన్ని 'చెప్పుకోదగ్గ విషయం కాదు' అని రాశాను. మీరు గీత గీసిన ఆ మాట తప్పు. ఇది చెప్పుకోదగ్గ విషయమే. పంటి డాక్టరూ ముక్కు డాక్టరూ వైద్యం చేశాక తగ్గే అవకాశం బాగా ఉంది. కొన్ని వారాలు పడుతుంది. అంతవరకూ ఈయన ముక్కు గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దని మనవి."

సంతకం పెట్టి, సెంటరు ముద్ర కోసం కౌంటరు దగ్గరికొచ్చింది. ముద్ర బావగారి సొరుగులో ఉంటుంది. ఆయన కాగితం చదివారు. మళ్ళీ చదివారు. చెవులు ఎర్రగానే ఉన్నాయి. "మనవి అన్నావు బాగానే ఉంది," అని సణుగుతూ ముద్ర తీసి, వంకరగా గుద్దారు.

బేకరీ మాస్టారు కాగితాన్ని ఈసారి మడత పెట్టలేదు. రెండు చేతులతో పట్టుకుని, మెట్ల మీద ఎవరైనా ఎదురొస్తే పక్కకి తప్పుకుంటూ దిగాడు.

ఆ తరవాత సంగతులు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. ముక్కు డాక్టరు గొట్టం కెమెరా పెట్టి చూసి అవునన్నాడట. ఏడో పన్ను నిలవదని తేలి పీకేశారట. పీకేశాక, "ఒక పన్ను లేదని వస్తే ఉన్నది ఇంకోటి తీసేశారు, మీకిది బాగుంది" అని బేకరీ మాస్టారు పళ్ళ డాక్టరుతో అన్నాడట, మత్తు మూతితో. ఓనరు కాగితం చదివి సొరుగులో పెట్టుకున్నాడట. ఒకటో తారీకున కొత్త మాస్టారు వచ్చేశాడు. ముందే మాటిచ్చారు కదా మరి. అతను ఓవెన్ దగ్గర, ఈయన పెట్టెల దగ్గర. ఇంతవరకూ పళ్ళ డాక్టరు ఫోన్లో చెప్పాడు. ఆపైన అతనికీ తెలియదు.

డాక్టరమ్మ మళ్ళీ మూలల్నించే చదువుతోంది. పదకొండేళ్ళ అలవాటు ఒక్క తలకాయతో పోతుందా? కాకపోతే అన్ని మూలలూ అయ్యాక ఇంకో చుట్టు తిరుగుతోంది. ఈసారి తలుపులన్నీ తీసి, కింద వాటా పొయ్యి మీద చెయ్యి పెట్టి, పై వాటా నేల ఎక్కడ వేడెక్కిందో చూసుకుంటూ. ఒక్క పక్కే ఉబ్బితే దాని కిందున్న ప్రతి వేరూ వరసగా పలకరిస్తుంది. "గమనించగలరు" అన్న మాట కంప్యూటర్లోంచి తీసిపారేసింది. దాని బదులు ఏం గమనించాలో, గమనించి ఏం చెయ్యాలో రాస్తోంది. ఏడో వాక్యాన్ని మాత్రం ఉంచింది. ఎందుకంటే చాలామంది విషయంలో అది నిజమే, ఊరికే భయపెట్టి ఏం లాభం? ఈ రెండో చుట్టువల్ల రోజుకి నలభై చదివే చోట ముప్ఫై ఒకటి అవుతున్నాయి. బావగారు గోడ గడియారం వైపు చూస్తారు, కర్టెను వైపు చూస్తారు, ఏమీ అనరు. పెళ్ళాంతో మాత్రం అంటారు. అది మధ్యాహ్నానికి చేరుతుంది.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న చీటీ మీద "ఎడమ సైనస్, వైద్యం తరవాత పరీక్ష" అని ఉంది. బావగారు బొమ్మ తీసి పంపించారు. డాక్టరమ్మ దవడ చూడగానే గుర్తుపట్టింది. ఏడో పన్నున్న చోట ఖాళీ, అంచుల్లో కొత్త ఎముక పొగమంచులా పట్టుకుంటోంది. చిల్లు సగం పూడింది. పైన గది నల్లగా ఉంది. నేల మీద లోపొర కాస్త మందం, కాగితం కన్నా కొంచెం ఎక్కువ, అంతే. పైనున్న కిటికీ తెరుచుకుంది. రెండో చుట్టు కూడా తిరిగింది. ఏమీ లేదు. గాలి.

రాసింది. అచ్చు తీసింది. ఇంతవరకూ మామూలే. కానీ ఎముకలకి తెలియనిది ఒకటుంది. ఆ గది నల్లబడిందని స్కాను చెబుతుంది, ఆయన ఓవెన్ దగ్గర నిలబడుతున్నాడో, పెట్టెల దగ్గరే కూర్చుంటున్నాడో చెప్పదు. అది అడగాలంటే మనిషినే అడగాలి. రిపోర్టు పట్టుకుని కర్టెను దాటి బయటికొచ్చింది.

కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"ఆయనేడక్కా?"

"ఎవరు, బేకరీ ఆయనా?" తోటికోడలు చీటీలు సర్దుకుంటోంది. "తీయడం అవగానే వెళ్ళిపోయాడు. ఉండండి, పది నిమిషాల్లో ఇచ్చేస్తారంటే వినడే! పదకొండింటికి ఓవెన్లోంచి దింపాలట, ఆ కొత్త మాస్టార్ని నమ్ముకుంటే బొగ్గులవుతాయట, సెలవు కూడా గంటే ఇచ్చారట. కాయితం పళ్ళ డాక్టరుగారికే పంపెయ్యమన్నాడు."

"ఓవెన్లోంచి అన్నాడా?"

"అవును. ఏం?"

"ఏం లేదు," అంది డాక్టరమ్మ.

రిపోర్టు కవర్లో పెట్టి, పళ్ళ డాక్టరు పేరున్న అరలో పడేసింది. సీసం తలుపు వెనకాల బావగారు ఇంకెవరికో గడ్డం ఆన్చమని చెబుతున్నారు. ఆవిడ కర్టెను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.